విప్పని ఫోల్డర్: ప్రభావ మదింపు వెనుక కథ

1971 జులైలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మేరీలాండ్ రాష్ట్రంలో, చెసపీక్ అఖాతం ఒడ్డున కాల్వర్ట్ క్లిఫ్స్ అనే చోట కడుతున్న అణు విద్యుత్ కేంద్రం మీద వచ్చిన కేసు అది. పర్యావరణ నివేదిక అనుమతి ఫైలు వెంట ప్రతి దశకూ వెళ్లాలని అప్పటికి కొత్తగా వచ్చిన పర్యావరణ చట్టం చెబుతోంది. అణుశక్తి కమిషన్ ఆ మాటను అక్షరాలా పాటించింది. నివేదిక ఫైలు వెంటే వెళ్లేది. ఎవరైనా పనిగట్టుకుని అభ్యంతరం లేవనెత్తితే తప్ప, అనుమతులిచ్చే బోర్డు దాన్ని పట్టించుకోనక్కర్లేదని మాత్రం కమిషన్ నిబంధన రాసుకుంది. జడ్జి స్కెల్లీ రైట్ ఘాటుగానే అడిగారు: వెంట వెళ్లడమంటే విప్పని ఫోల్డర్లను మిగతా కాగితాలతో కలిపి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించడమేనా? అంతే అయితే చట్టంలో ఆ మాట దేనికి?

ప్రభావ మదింపు పైకి చాలా మామూలు సంగతిలా కనిపిస్తుంది. ఒక పని తలపెట్టే ముందు దాని వల్ల నీటికి, నేలకి, గాలికి, మనుషుల బతుకుతెరువుకి ఏమవుతుందో తెలిసినవాళ్ల చేత లెక్క కట్టించాలి, ఆ లెక్క చూసి నిర్ణయం తీసుకోవాలి. లెక్క కట్టేవాళ్లు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నారు. చిక్కంతా ‘చూసి’ అన్న మాట దగ్గరే వచ్చింది.

కోర్టు మాట్లాడిన ఆ చట్టం పేరు అమెరికా జాతీయ పర్యావరణ విధాన చట్టం. 1969 జనవరిలో కాలిఫోర్నియా తీరంలో, సాంటా బార్బరా దగ్గర సముద్రపు చమురు బావి బద్దలై తీరమంతా నల్లబడింది. ఆ ఏడాదే సెనేటర్ హెన్రీ జాక్సన్ ఈ బిల్లును ముందుకు నడిపారు. ఆయనకు సలహాదారుగా ఉన్న లింటన్ కాల్డ్‌వెల్ రాజనీతి శాస్త్ర ప్రొఫెసర్. ప్రకృతిని కాపాడాలని గంభీరంగా ప్రకటిస్తే ఏ శాఖా కదలదు, శాఖల చేత పని చేయించే మెలిక ఒకటి చట్టంలోనే ఉండాలని ఆయన వాదించారు. ఆ మెలికే ‘వివరమైన నివేదిక’. ప్రాజెక్టు ప్రభావం ఏమిటి, తప్పించుకోలేని నష్టాలు ఏవి, ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి, నేటి లాభానికీ రేపటి అవసరానికీ పొత్తు ఎలా కుదురుతుంది, మళ్లీ వెనక్కి తెచ్చుకోలేనిది ఏం పోతుంది అన్న అయిదు విషయాలూ అందులో రాయాలి. ప్రకృతి శాస్త్రాలను, సామాజిక శాస్త్రాలను కలిపి వాడాలని కూడా చట్టం చెప్పింది. 1970 జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశారు. పరిశోధనను పాలన గడప దాకా తీసుకొచ్చిన చట్టాల్లో దీనికున్నంత ప్రభావం చాలా కొద్దిటికే ఉంది.

చట్టమైతే వచ్చింది కానీ అంచనా ఎలా వేయాలో ఎవరికీ తెలియదు. 1971లో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన లూనా లియోపోల్డ్ బృందం ఒక పెద్ద పట్టిక తయారుచేసింది. అడ్డంగా 100 రకాల పనులు, నిలువుగా 88 పర్యావరణ అంశాలు. మొత్తం 8,800 గళ్లు. ప్రభావం ఉందనుకున్న ప్రతి గడిలోనూ ఏటవాలుగా ఒక గీత గీసి, పైన ఆ ప్రభావం ఎంత పెద్దదో, కింద అది ఎంత ముఖ్యమైనదో ఒకటి నుంచి పది దాకా అంకె వేయాలి. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. పైన వేసే అంకెకు కొలతల ఆధారం దొరకొచ్చు. కింద వేసే అంకె మాత్రం ఒక అభిప్రాయం. ఒక చేపల రేవు పోవడం ఆరు మార్కుల నష్టమా, తొమ్మిది మార్కులదా? వేసేది ఆఫీసులో కూర్చున్న ఇంజినీరా, వల వేసే మనిషా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నది కెనడా. ఉత్తరాన మెకంజీ లోయ గుండా గ్యాస్ పైపులైను వేయాలన్న ప్రతిపాదన మీద 1974లో జడ్జి థామస్ బర్జర్‌ను విచారణకు నియమించారు. ఆయన 35 ఊళ్లు, స్థావరాలు తిరిగారు. దాదాపు వెయ్యి మంది తమ మాటల్లో చెప్పుకున్నారు. వేటగాళ్లు ఏ కాలంలో ఎక్కడ తిరుగుతారో చూపే పటాలు జీవశాస్త్రవేత్తల సాక్ష్యం సరసన చేరాయి. అభ్యంతరం చెప్పేవాళ్లు సొంతంగా నిపుణుల్ని పెట్టుకునేందుకు డబ్బు కూడా ఇప్పించారు. 1977లో బర్జర్ సిఫార్సు వచ్చింది: యూకన్ ఉత్తర మైదానం మీదుగా పైపులైను అసలే వద్దు, మెకంజీ లోయలో పదేళ్లు ఆగండి, ముందు ఆదివాసుల భూమి హక్కులు తేల్చండి. ఇంత ఓపికగా జరిగిన మదింపులు తర్వాత చాలా తక్కువ.

తర్వాతి రోజుల్లో ఈ పద్ధతి వేగంగా పాకింది. 1985లో యూరోపియన్ కమ్యూనిటీ తన సభ్యదేశాలకు దీన్ని తప్పనిసరి చేసింది. 1987లో ఐక్యరాజ్య సమితి తరఫున పనిచేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ సుస్థిరాభివృద్ధి అన్న మాటను లోకమంతా ప్రచారంలోకి తెచ్చింది. 1992 రియో ప్రకటనలో 17వ సూత్రం ప్రభావ మదింపే. దేశాల సంఖ్య పెరిగినంతగా మదింపుల బలం పెరగలేదు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు 1970 నాటి ఆ చట్టం అడ్డుకునేది తెలియక తీసుకునే నిర్ణయాన్ని మాత్రమేనని, తెలివితక్కువ నిర్ణయాన్ని కాదని తేల్చేసింది. అంటే ఫోల్డర్ విప్పి చదవాల్సిందే, చదివాక ఏం చేస్తారన్నది మీ ఇష్టం. అసలు ప్రాజెక్టు మంజూరయ్యాక మదింపు మొదలైతే, లగ్నం పెట్టాక జాతకాలు చూపించినట్టే ఉంటుంది. అందుకే ఒక్కో ఆనకట్టను, ఒక్కో రోడ్డును కాకుండా వాటి వెనకున్న విధానాన్నే ముందు మదింపు చేయాలన్న వాదన బలపడింది. ప్రణాళికల మదింపు మీద 2001లో యూరప్ ప్రత్యేక ఆదేశం తెచ్చింది.

పరిశోధన నిజంగా నిర్ణయాల బల్ల మీదికి చేరిన కథ ఒకటుంది. కొంచెం ఆగి చెప్పుకోవాల్సిన కథ.

యూరప్‌లో ఆమ్ల వర్షాలకు కారణమైన గంధకపు పొగను తగ్గించాలని 1985లో హెల్సింకీలో ఒప్పందం కుదిరింది. అందరూ 1980 స్థాయి నుంచి 30 శాతం తగ్గించాలన్నారు. ఆ ముప్పైకి ప్రత్యేకమైన శాస్త్రీయ ఆధారం లేదు, అందరికీ ఒకటే అంకె కాబట్టి బేరం తేలిక. ఆ రోజుల్లోనే వియన్నా దగ్గర లాక్సెన్‌బర్గ్‌లో, తూర్పు, పడమర దేశాలు రెండూ కలిసి నడిపే అంతర్జాతీయ వ్యవస్థల విశ్లేషణ సంస్థలో లీన్ హోర్డైక్ బృందం ‘రెయిన్స్’ అనే కంప్యూటర్ మోడల్ తయారుచేసింది. ఏ దేశపు పొగ గాలిలో కొట్టుకుపోయి ఏ దేశపు అడవి మీద, చెరువు మీద పడుతుందో, దాన్ని తగ్గించడానికి ఎక్కడ ఎంత ఖర్చవుతుందో ఈ మోడల్ ఒకే చోట చూపించేది. ఒక నేల ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదన్న హద్దును ఏ దేశానికి ఆ దేశమే లెక్కగట్టి పంపింది. వాటిని నెదర్లాండ్స్‌లోని ఒక కేంద్రం పటాలుగా కూర్చింది. సొంత నిపుణులు వేసిన పటాన్ని ఏ దేశ ప్రతినిధి మాత్రం తప్పంటాడు? 1994 ఓస్లో ఒప్పందంలో అందరికీ ఒకే శాతం పోయింది. నేల తట్టుకునే శక్తిని బట్టి, ఖర్చును బట్టి ఒక్కో దేశానికి ఒక్కో లక్ష్యం వచ్చింది.

ఇది ఎలా సాధ్యమైందో డేవిడ్ క్యాష్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన వ్యాసం చదివితే అర్థమవుతుంది. శాస్త్రం పాలనకు పనికిరావాలంటే మూడు కుదరాలన్నారు: నమ్మదగ్గదై ఉండాలి, అడిగిన ప్రశ్నకే జవాబు కావాలి, తయారైన తీరు అందరికీ న్యాయంగా అనిపించాలి. పరిశోధకులు సాధారణంగా మొదటిదాని మీదే ప్రాణం పెడతారు. రెయిన్స్‌ను గెలిపించింది ముఖ్యంగా మూడోదని నా అభిప్రాయం.

2002లో యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఒక అడుగు ముందుకేసి, తన పెద్ద ప్రతిపాదనలన్నిటికీ ఆర్థిక, సామాజిక, పర్యావరణ ప్రభావాలను కలిపి మదింపు చేస్తానంది. 2006లో ఆ మదింపుల నాణ్యత చూసే బోర్డు పెట్టింది. కాగితం మీద పరిశోధనకూ పాలనకూ మధ్య ఇంతకంటే మంచి వంతెన ఉండదు. అయినా 2007 మార్చిలో యూరప్ నేతలు రవాణా ఇంధనంలో 2020కల్లా 10 శాతం జీవ ఇంధనాలు ఉండాలని లక్ష్యం పెట్టేసుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 2008 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో టిమ్ సర్చింజర్ బృందం పరిశోధన వచ్చింది. ఉన్న పొలాలు ఇంధన పంటలకు పోతే తిండి పంటల కోసం ఇంకెక్కడో అడవి నరుకుతారు, అది కలిపితే మొక్కజొన్న ఇథనాల్ వల్ల 30 ఏళ్ల లెక్కలో గ్రీన్‌హౌస్ వాయువుల ఉద్గారాలు దాదాపు రెట్టింపవుతాయని తేల్చింది. అంకెల మీద వాదనలు నడిచాయి, మోడళ్ల మీద మోడళ్లు వచ్చాయి. 2009 ఆదేశంలో రవాణాకు 10 శాతం లక్ష్యం అలాగే ఉంది, ఆ పక్కన ఈ విషయం పరిశీలించి నివేదిక ఇవ్వమని ఒక వాక్యం చేరింది. తిండి పంటల నుంచి వచ్చే ఇంధనానికి 7 శాతం హద్దు పెట్టడానికి 2015 దాకా పట్టింది. ఇక్కడ ఫోల్డర్ విప్పారు, చదివారు కూడా. అప్పటికే ఫ్యాక్టరీలు లేచాయి, పెట్టుబడులు పెట్టినవాళ్లున్నారు.

పరిశోధనకూ నిర్ణయానికీ మధ్య ఉన్న ఈ ఎడం తగ్గించడానికి 2009లో యూరోపియన్ యూనియన్ నిధులతో ‘లియాజ్’ అనే పరిశోధన కేంద్రాల కూటమి మొదలైంది. మోడళ్లు తయారుచేసేవాళ్లనూ వాటిని వాడాల్సిన అధికారులనూ ఒకచోట కూర్చోబెట్టడం దాని పని. రెండు పక్షాల గడియారాలు వేరు. మంచి మోడల్‌కు ఏళ్లు పడుతుంది. అధికారికి మంత్రి ఇచ్చిన గడువు వారాల్లోనే ఉంటుంది. టెన్షన్‌లో ఉన్న అధికారి చేతికి అందిన లెక్కతో పని కానిచ్చేస్తాడు, అందులో తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ప్రభావ మదింపు పుట్టిన అమెరికాలో ఆ పర్యావరణ చట్టం ఇప్పుడు వెనక్కి నడుస్తోంది. నివేదికలు పూర్తవడానికి ఏళ్లు పడుతోందన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది; 2010–2018 మధ్య సగటున నాలుగున్నరేళ్లు పట్టింది. 2025లో ఆ చట్టాన్ని శాఖలన్నీ ఎలా అమలు చేయాలో చెప్పే కేంద్ర నిబంధనలనే రద్దు చేశారు. అదే ఏడాది మే నెలలో యూటా రాష్ట్రంలో ముడిచమురు మోయడానికి వేయాలనుకున్న 88 మైళ్ల రైలు మార్గం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ మార్గం మీద తయారైన నివేదిక 3,600 పేజీలు. రైలు ఎక్కే చమురును తవ్వే చోట, రైలు దిగాక శుద్ధి చేసే చోట ఏం జరుగుతుందో అందులో లెక్కగట్టనక్కర్లేదని కోర్టు చెప్పింది.