చిన్న సంస్థల ప్రచారం విద్యార్థుల చేతికి ఎలా వచ్చింది?

మా జిల్లాలో తల్లిదండ్రులు లేని పిల్లల కోసం ఒక ఆశ్రమం ఉంది. ఆఫీసు గదిలో ఇనప బీరువా, దాన్నిండా రసీదు పుస్తకాలు, వార్షికోత్సవాల ఆల్బమ్‌లు, మడతపెట్టిన ఫ్లెక్సీలు. కొన్నేళ్ల కిందట ఇద్దరు డిగ్రీ విద్యార్థులు ప్రాజెక్టు పని మీద వచ్చి, ఆ ఆల్బమ్‌లనే ఫోన్‌లో ఫొటోలు తీసి, ఆశ్రమం పేరిట ఫేస్‌బుక్ పేజీ తెరిచారు. నెల తిరక్కుండానే దాతల ఫోన్లు మొదలయ్యాయి. సెమిస్టర్ అయిపోయింది, విద్యార్థులు వెళ్లిపోయారు. పేజీ ఒక కుర్రాడి సొంత నంబరు మీద ఉంది. ఆ నంబరు మారిపోయింది. పిల్లల ముఖాలు, పాత బ్యాంకు ఖాతా వివరాలు అందులో చాలాకాలం అలాగే ఉండిపోయాయి. వాటిని తీసేసే దారి ఆశ్రమం నడిపే మేడంగారికి లేదు.

ఆ కుర్రాళ్లను నేను తప్పుపట్టను, మనసుపెట్టి చేశారు. వెళ్లేటప్పుడు ఏం అప్పగించి వెళ్లాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. మన చదువుల్లో సేవ ఒక దారిన, ప్రచారం ఇంకో దారిన నడిచాయి. ఈ లోటు అక్కడిది.

గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. ఎన్‌ఎస్‌ఎస్ అంటే రెండేళ్లలో 240 గంటల పని, దత్తత గ్రామంలో 7 రోజుల శిబిరం. పలుగూ పారా పట్టారు, మొక్కలు నాటారు, రక్తం ఇచ్చారు. ఒక సంస్థ చేస్తున్న పనిని నలుగురికీ తెలిసేలా రాసిపెట్టడమూ శ్రమదానమేనన్న ఆలోచనకు అందులో పెద్దగా చోటు దొరకలేదు.

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే ఏర్పడింది. పౌరసంబంధాల (పబ్లిక్ రిలేషన్స్) వృత్తికి 1958లో జాతీయ సంఘం వచ్చింది. అయితే ఆ చదువు ప్రధానంగా ప్రభుత్వ సమాచార శాఖ, పెద్ద కంపెనీల ఉద్యోగాల వైపే చూసింది. అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయంలో 1978 నుంచే విద్యార్థులు నడిపే పౌరసంబంధాల ఏజెన్సీ ఉంది, సేవా సంస్థలకూ పనిచేస్తుంది.

మన దగ్గర ఈ రెండు దారులూ ఒకసారి కలిశాయి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగినప్పుడు చదువుకున్న యువత వలంటీర్లయ్యారు. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రిబడి వాచకంలోని ఒక పాఠం ఆడవాళ్లలో సారా గురించి చర్చ లేపింది. దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. డప్పు, పాట, లాంతరు వెలుగులో ఒక కథ. నా లెక్కలో తెలుగునాట అంతకు మించిన పౌరసంబంధాల పని జరగలేదు.

ఆ తర్వాత డబ్బు వచ్చే దారులు మారాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సగటు లాభాల్లో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చుపెట్టమంది. 2021 ఏప్రిల్ నుంచి ఆ నిధులు అందుకునే సంస్థలు సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. ఈలోగా 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించారు. పెద్ద సంస్థల ద్వారా సాయం అందుకున్న చిన్నవాటికి ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది మామూలు జనం. వాళ్లకు తమ గురించి చెప్పుకోవాలి, చెప్పేందుకు మనిషిని పెట్టుకునే స్తోమత లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తెచ్చింది. విద్యార్థికి ప్రాజెక్టు కావాలి, సంస్థకు మనిషి కావాలి. అలా కలిశారు. కానీ సర్వే రిపోర్టు కాలేజీకి చేరుతుంది, మార్కులు పడతాయి. సంస్థకు ఏం మిగిలిందని అడిగే గడి మూల్యాంకనంలో ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో విషయం మరీ ముఖ్యం. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు తెలిసేలా ఏ మాధ్యమంలోనూ పెట్టకూడదు. 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నోటు పుస్తకాలు పంచుతూ పాపతో సెల్ఫీ తీసుకునే విద్యార్థికి ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

ఆశ్రమానికి తర్వాతి బ్యాచ్ వచ్చినప్పుడు ఒకమ్మాయి అంది, "పాప ఫొటో ఉంటే ఎక్కువమంది చూస్తారు మేడం."

"రేపు అది కాలేజీకెళ్తే ఆ ఫొటో కూడా వెంట వస్తుందమ్మా," అన్నారు మేడంగారు.

ఆ అమ్మాయి ఈసారి వంటగది గంజు, ఆరేసిన యూనిఫాంలు, పిల్లలు పెంచిన బెండ మొక్కలు తీసింది. కొత్త పేజీని ఆఫీసు సిమ్ మీద తెరిచారు. పోస్టు పెట్టడం వార్డెన్‌కు నేర్పారు. లెక్చరర్ వాకబు చేస్తే పాత కుర్రాడు బెంగళూరులో దొరికాడు. అతని ల్యాప్‌టాప్‌లో పాత పేజీ ఇంకా లాగిన్‌లోనే ఉంది. ఆ రాత్రే తీసేశాడు.