రామ్‌నగర్: ఊరు వదిలిన చీరాల, దాన్ని నడిపిన కళాకారుడు

2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు చీరాల ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాకు మారింది. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ఇదే ప్రకాశం జిల్లా అయింది) ఏర్పడేదాకా అది గుంటూరు జిల్లాలో ఉండేది. ఇలా జిల్లా మారిన ప్రతిసారీ, 1921లో పన్ను భారాన్ని ఎదిరించి జనం ఊరే వదిలిన చీరాల–పేరాల ఉద్యమం ఎవరి చరిత్ర అన్న ప్రశ్న వస్తుంది. ఒంగోలు ప్రాంతంవాళ్లం దాన్ని ఇప్పటికీ మాదిగానే చెప్పుకుంటాం. అయితే ఆ చెప్పుకోవడంలో ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడిగానే మిగిలారు, ఆయనలోని కళాకారుడు మరుగునపడ్డాడు.

1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన గోపాలకృష్ణయ్య ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివారు. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని నాట్య గ్రంథం ‘అభినయ దర్పణం’ను ఇంగ్లీషులోకి అనువదించారు, అది 1917లో అచ్చయింది. నర్తకి చేతికీ చూపుకీ ఉన్న సంబంధాన్ని అక్షరం అక్షరంగా పరిశీలించిన మనిషి, ఆ తర్వాత నాలుగేళ్లకే ఒక ఊరినంతా కదిలించారు. ఈ రెండు పనులనూ వేరుచేసి చూడటం సరికాదని నా అభిప్రాయం. చీరాలలో ఆయన స్థాపించిన ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి, కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు ధరించి నడిచిన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు, ప్రచారానికి వాడుకున్న జానపద కళారూపాలు, అన్నీ ఆ ఒక్క సాధనలోనివే.

పోరాటానికి కారణం పన్ను. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేయడంతో, ఏటా సుమారు 4,000 రూపాయలున్న పన్నుల భారం 40,000 దాకా పెరిగింది. నేతపని మీద బతికే జనానికి అది మోయలేని బరువు. పన్ను కట్టబోమన్నవారిని జైలుకు పంపారు, వారిలో ఒక మహిళ కూడా ఉన్నారు. 1921 ఏప్రిల్‌లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగిశాక చీరాల వచ్చిన గాంధీజీ, అహింసతో పన్ను నిరాకరించడం, లేదంటే మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం అని రెండు దారులు చెప్పారు. జనం రెండోది ఎంచుకున్నారు.

సుమారు 15,000 జనాభాలో అత్యధికులు ఆ ఎండాకాలంలోనే ఇళ్లకు తాళాలు వేసి, పట్టణం వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరే రామ్‌నగర్. నేతగాడికి ఊరు వదలడమంటే ఏమిటో గుంట మగ్గం చూసినవారికి తెలుస్తుంది. అచ్చు, పలక, దోనె లాంటి మగ్గం భాగాలు విప్పి భుజాన వేసుకోవచ్చు గానీ, కాళ్లు పెట్టుకునే గుంట వెంట రాదు, కొత్త నేలలో మళ్లీ తవ్వుకోవాలి. కనుచూపు మేరలోనే సొంత ఇల్లు ఉండగా, వానలో పాక కింద గడపడం దూరదేశపు ప్రవాసం కన్నా తేలికేమీ కాదు. అన్ని కులాల ప్రతినిధులతో ఒక సభ, తగవులు తీర్చే మధ్యవర్తుల కోర్టు అక్కడ పనిచేశాయి. రామదండు కాపలా కాసింది.

నిధులకోసం తిరుగుతూ బరంపురం వెళ్లిన గోపాలకృష్ణయ్యను, ప్రసంగించరాదన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. మాటనూ అభినయాన్నీ ఆయుధాలుగా చేసుకున్న కళాకారుడికి నోరు మూయించడమే అసలు శిక్ష. ఆయన లేకపోయినా రామ్‌నగర్, మొదలైన నాటి నుంచి దాదాపు 11 నెలలు నిండేదాకా నిలిచింది. ఆపై 1922లో సహాయ నిరాకరణే ఆగిపోవడంతో జనం ఒక్కొక్కరుగా తాళాలు తీసుకుని ఇళ్లకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

ఆయన విడుదలై వచ్చేసరికి ఆ పాకల ఊరు లేదు. క్షయతో బాధపడి 1928 జూన్ 10న, 39 ఏళ్లకే కన్నుమూశారు.