ఆర్ఫియస్ కళ్లకు గంతలు

1948 ఏప్రిల్ 28. న్యూయార్క్ సిటీ సెంటర్‌లో తెర లేచేసరికి కథానాయకుడు ప్రేక్షకులకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. భార్య యురిడిసి కోసం ఏడుస్తున్నాడు. హార్ప్ తీగల మీద స్వరాలు మెట్టు మెట్టుగా కిందికి దిగుతున్నాయి. సంగీతం స్ట్రావిన్‌స్కీది, నృత్యరచన బాలన్‌షిన్‌ది. మాటలు లేకుండా నాట్యంతోనే కథ చెప్పే ఈ బ్యాలే పేరు ‘ఆర్ఫియస్’.

పాము కాటుకు చనిపోయిన భార్యను పాటతో పాతాళం నుంచి విడిపించుకున్న గ్రీకు పురాణ గాయకుడు ఆర్ఫియస్ కథ ఇది. దారిలో ఆమెను చూడకూడదని షరతు. చూశాడు, పోగొట్టుకున్నాడు. ఎందుకు చూశాడన్నదే పాత పేచీ. గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ‘సింపోజియం’లో ఒక వక్తకు అతని మీద జాలే లేదు. ప్రేమ కోసం చావడానికి జంకి, బతికుండగానే పాతాళంలో దూరిన పిరికివాడని, అందుకే దేవతలు ఆమె నీడను మాత్రమే చూపి పంపేశారని అంటాడు. (మన ఆదిపర్వంలో రురుడు పాము కరిచిన ప్రమద్వరకు తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకున్నాడు. ఆ వక్త అతన్నయితే మెచ్చుకునేవాడేమో.) రోమన్ కవి వర్జిల్ మాత్రం అది క్షణకాలపు ఉన్మాదమని, పాతాళానికి క్షమించడం తెలిస్తే క్షమించదగ్గదేనని రాశాడు.

పాటలతోనే కథ నడిపే ఒపేరాలకు ఈ కథలోని విషాదం అన్నివేళలా పనికిరాలేదు. 1600లో ఫ్లోరెన్స్‌లో స్వరకర్త పెరి ఒపేరా ఆడింది రాచపెళ్లి సంబరాల్లో, కాబట్టి యురిడిసి బతికింది. 1762లో వియన్నాలో స్వరకర్త గ్లుక్ ఒపేరాలో మన్మథుడే వచ్చి ఆమెను లేపాడు. ఆ గ్లుక్ ఒపేరానే 1936లో బాలన్‌షిన్ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరాలో చేయించాడు. గాయకులను వాద్యబృందం దగ్గర కూర్చోబెట్టి, వేదికంతా నర్తకులకు ఇచ్చాడు. విమర్శకులు చీల్చి చెండాడారు. రెండు ప్రదర్శనలతో సరి.

పన్నెండేళ్ల తరువాత బాలన్‌షిన్ మళ్లీ అదే కథ పట్టాడు. ఈసారి ఆర్ఫియస్ కళ్లకు గంతలు కట్టారు. చూడకూడదన్న షరతు మనసులో మాట కాదు, ముఖానికి చుట్టిన గుడ్డ. మరియా టాల్‌చీఫ్ నర్తించిన యురిడిసి అతన్ని చుట్టుకుని, తనవైపు చూడమని బతిమాలుతుంది. అతను గంతలు పీకేస్తాడు. ఆమె కుప్పకూలుతుంది. రంగాలంకరణ చేసిన శిల్పి ఇసాము నొగుచి వేలాడదీయించిన తెల్లటి పట్టుతెర కిందనుంచి, కనిపించని చేతులు ఆమెను లోపలికి లాగేస్తాయి. నా లెక్కలో బ్యాలే అంతటికీ ప్రాణం ఆ ఒక్క క్షణమే. తప్పు అతనిదా, ఆమెదా అని తేల్చదు. చివరికి మద్యదేవుడు బాకస్ భక్తురాళ్లు అతన్ని చీల్చేస్తారు, సంగీతదేవుడు అపోలో అతని పాటను పైకి లేపుతాడు. మన్మథుడి జాడే లేదు.

అది చూసిన సిటీ సెంటర్ పెద్ద మోర్టన్ బామ్, అప్పటిదాకా సొంత గూడు లేని బాలన్‌షిన్ నాట్యబృందానికి అక్కడే చోటిచ్చాడు. అదే న్యూయార్క్ సిటీ బ్యాలే. 1948 అక్టోబరు 11న దాని తొలి ప్రదర్శనలోనూ ‘ఆర్ఫియస్’ ఉంది. ఆర్ఫియస్ కోసం నొగుచి చేసిన లైర్ అనే తీగవాద్యం ఆ సంస్థకు చిహ్నమైంది.