చిలుము పట్టిందల్లా పాతది కాదు: పాతసామాన్ల సంతలో అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ వైపు నాదో చిన్న కొట్టు. పాత ఇత్తడి, గోడ గడియారాలు, నాణేలు, అప్పుడప్పుడు ఒకటి రెండు టేకు కుర్చీలు. బీచ్ రోడ్డులోనో భీమిలిలోనో ఆరుబయట పాతసామాన్లు, చేతిపనుల సంత పెట్టారంటే తెల్లారకముందే ఆటోలో సామాను వేసుకెళ్ళి టార్పాలిన్ పరుచుకునేవాళ్ళలో నేనొకణ్ణి. ఎన్నేళ్ళయినా అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఆకుపచ్చ చిలుము ఉందంటే వందేళ్ళ నాటిది.

మన ఊళ్ళోనా? సముద్రం ఎదురుగా ఉన్న ఇంటి బాల్కనీలో కొత్త దీపపు కుంది పెట్టి ఒక్క వానాకాలం వదిలేయండి, ఆ ఉప్పుగాలికి మీ తాతగారి కుందిలా తయారవుతుంది. నేను చిలుము చూడను, ముందు బిందెని బోర్లిస్తాను. నిజంగా నీళ్ళు మోసిన బిందెకి అడుగు అంచు ఒకవైపే ఎక్కువ అరుగుతుంది, మెడ దగ్గర చెయ్యి పట్టే చోట నునుపు తేలుతుంది, ఎక్కడో ఓ సొట్ట ఉండే ఉంటుంది. తర్వాత పేరు వెతుకుతాను. పెళ్ళి సామాను మీద పేర్లు కొట్టించడం మనకి అలవాటే కదా, పాతవాటి మీద ఒక్కో చుక్కా చేత్తో కొట్టేవారు కాబట్టి చుక్కలు సమానంగా ఉండవు, చివరికి చోటు చాలక అక్షరాలు ఇరుక్కుపోతాయి. ఇప్పుడు కొట్లో మిషన్‌తో రాస్తున్నారు, గీత సన్నగా ఆగకుండా పోతుంది. మొన్న ఒకావిడ తెచ్చిన మరచెంబు మీద ఇంటిపేరు, దాని కింద 1951 అని చుక్కల్లో ఉంది. మంచి రేటు వస్తుందని పాపం ముందురోజే మిషన్ మీద మెరుగు (బఫింగ్) పట్టించారట, ఇంటిపేరులో సగం ఎగిరిపోయింది. అమ్మే ఉద్దేశం ఉంటే దయచేసి తోమించకండి.

అపోహ: ఈ దిక్సూచి పోర్టులో ఓడ మీంచి దిగింది.

మనది 1933 నుంచీ పోర్టు ఉన్న ఊరు కాబట్టి ఈ కథ ఇట్టే నమ్ముతారు. ఇత్తడి దిక్సూచి, మడిచే దుర్భిణి, వాటి మీద లండన్, 1885. ఇలాంటి సామాను రూర్కీ, మొరాదాబాద్ వైపు కొత్తగానే తయారవుతుంది. బల్ల మీద అలంకారానికి బాగుంటుంది, ఆ ధరకే కొనుక్కోండి. సంతలో ఒకే టార్పాలిన్ మీద అచ్చం ఒకేలాంటివి నాలుగు కనిపిస్తే ఇక అడగక్కర్లేదు.

నేనూ తెలివైనవాణ్ణేం కాదు లెండి. కొత్తలో ఒక ఊరి సంతలో రాత్రిపూట బల్బు వెలుతురులో ఇత్తడి బాకాతో మెరిసిపోతున్న గ్రామఫోన్ కొన్నాను, 1910 నాటిదన్నారు. ఇంటికొచ్చి పొద్దున అడుగు చెక్క విప్పబోతే అన్నీ ప్లస్ స్క్రూలే. ఆ తరహా స్క్రూలు బజారులోకి వచ్చిందే 1930ల్లో. అప్పటి నుంచి జేబులో టార్చి లేకుండా సంతకి వెళ్ళను.

అపోహ: రాముడి బొమ్మ ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ నాణెం లక్షలు పలుకుతుంది.

కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు, అవి తర్వాతెప్పుడో పోతపోసిన బిళ్ళలు. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలిస్తామని తిరిగే వీడియోలూ ఇదే బాపతు, తన పేరు చెప్పి పాత నోట్లు, నాణేలు కొంటామనేవాళ్ళని నమ్మొద్దని 2021లో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. ఇక బియ్యాన్ని లాక్కునే రాగి చెంబు, అదే రైస్ పుల్లింగ్, దాని గురించి నా దగ్గర ఎత్తొద్దు. అది మోసం, అంతే.

పాత రూపాయి నాణేల సంగతి మాత్రం వేరు. ఐదో జార్జి రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91 పాళ్ళ పైన వెండి. 1940ల్లో వెండి సగానికి దిగింది, 1947 రూపాయిలో అసలు లేదు, అది నికెల్. చిల్లు కాణీ అయితే పిల్లలకి చూపించడానికి కొనండి, కుప్పలుగా దొరుకుతాయి.

అపోహ: ఇంట్లోది కాబట్టి ఏదైనా అమ్ముకోవచ్చు.

ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పం, బొమ్మ, నాణెం లాంటివి పురావస్తువులు, రాతప్రతులకి 75 ఏళ్ళు చాలు. వాటి వ్యాపారానికి పురావస్తు శాఖ లైసెన్సు కావాలి, ప్రైవేటు వాళ్ళు దేశం దాటించడం నేరం. నా టార్పాలిన్ మీద ఉండేవి చాలావరకు యాభై అరవై ఏళ్ళవే. పునాది తవ్వుతుంటే ఏదైనా దొరికి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి. పది రూపాయలేంటని నవ్వకండి, ఆ చట్టం 1878 నాటిది.

ఏనుగు దంతం సంగతి చెప్తే మనవాళ్ళకి మరీ బాధ. పద్ధెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో మన విశాఖపట్నం పేరు దూరదేశాల్లో మోగిందే దంతపు పనితో. గంధపు చెక్క పెట్టె మీద దంతపు రేకులు తాపి, వాటి మీద సన్నటి గీతలతో లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ ఊరి పని ఉంది. అలాంటి పెట్టె మీ అటక మీద ఉన్నా నా దగ్గరికి అమ్మకానికి తేకండి, వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో దంతం వ్యాపారం మూతపడింది.

అపోహ: "ఏటి బాబూ, ఈ చిన్న లక్కపిడతకి అంత రేటా? రంగు పూసిన కర్రే కదా!"

పక్క టార్పాలిన్ మీద ఏటికొప్పాక బొమ్మలు పెట్టే అతను గంటకోసారి వినే మాట ఇది. పూసిన రంగు కాదండీ అది. అంకుడు కర్ర లేత్ మిషన్ మీద తిరుగుతుండగా రంగు లక్కని అదిమి పడితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. గోటితో గీరి చూడండి, రంగు ఊడదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాతో ఎంతైనా బేరమాడండి, అతనితో కొంచెం తగ్గండి.

అపోహ: సాయంత్రం సర్దుకునేటప్పుడు అడిగితే సగం ధరకే ఇచ్చేస్తారు.

గడియారం, నాణెం సగానికి ఇవ్వం, సంచిలో పడేసుకుని పోతాం. పొద్దున బోణీ బేరమే మీకు మేలు. రుబ్బురోలు మాత్రం సాయంత్రమే అడగండి. దాన్ని మళ్ళీ ఆటో ఎక్కించే ఓపిక నాకు లేదు.