బావి నీళ్ళలో మూడు ముఖాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

గ్రీకుల కథల్లో పెర్సియస్ అనే వీరుడున్నాడు. తలనిండా పాములున్న మెడూసాను చూసినవాళ్ళు రాళ్ళైపోయేవారు. ఆమె తల నరికింది అతడే. ఆ తలను తాను కాపాడిన ఆండ్రోమెడాకు చూపించాలి, ఆమె మాత్రం రాయి కాకూడదు. అందుకని తోటలో ఆపిల్ చెట్టు ముందున్న పాలరాతి బావి దగ్గర నిలబడి, తలను పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె నీళ్ళలోకి చూసింది. మన అర్జునుడు మత్స్యయంత్రాన్ని నీడలో చూసినట్టే! కాకపోతే ఇక్కడ గురి కోసం కాదు, ప్రాణం కోసం.

ఈ ఘట్టాన్ని చిత్రించినవాడు విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ (1833–1898). నీళ్ళలో మూడు ముఖాలూ కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే, పెర్సియస్ బావిలోకి చూడడు. ఆండ్రోమెడా ముఖం వంకే చూస్తుంటాడు. భయపెట్టాల్సిన బొమ్మ ఆ ఒక్క చూపుతో ప్రేమ బొమ్మ అయిందని నా లెక్క.

1875లో ఆర్థర్ బాల్ఫోర్ తన లండన్ ఇంట్లోని సంగీతపు గదికి పెర్సియస్ కథను బొమ్మలుగా వేసిపెట్టమని అడిగాడు. ఆయన తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. అడగగానే బర్న్-జోన్స్ రంగులు కలిపేశాడనుకోకండి. ముందు కాగితం, పెన్సిలు, సుద్ద. చేయి ఎటు తిరగాలి, మెడ ఎంత వంగాలి అని మనుషులను ఎదురుగా నిలబెట్టి విడివిడిగా గీసుకునేవాడు. మొదట ఒంటి తీరు, ఆపైన దాని మీద గుడ్డ ముడతలు. కవచం ఏ దేశానిదీ ఏ కాలానిదీ అనిపించకూడదని తానే ఊహించి రూపం కట్టాడు. అప్పుడు కూడా నూనెరంగుల జోలికి పోకుండా, అసలు బొమ్మ ఎంత ఉండాలో అంత కొలతలో నీటిలో కలిపే చిక్కటి రంగులతో ఒకసారి వేసి చూసుకున్నాడు. అలాంటివి పది ఇప్పుడు సౌతాంప్టన్ నగరంలోని ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి.

ఒక ఘట్టాన్ని ఓకు చెక్క మీద ఉబ్బెత్తుగా, బంగారు వెండి రేకులతో చేసి 1878లో ప్రదర్శించాడు. విమర్శకులు పెదవి విరిచారు. ఆ పద్ధతి అక్కడితో మానేశాడు. అంత తొందరగా వెనక్కి తగ్గాల్సింది కాదని నాకనిపిస్తుంది.

బావి బొమ్మ 1887 నాటికి నూనెరంగుల్లో పూర్తయింది. మొత్తం వరుస మాత్రం ఆయన పోయేనాటికీ పూర్తి కాలేదు. నూనెరంగుల బావి బొమ్మ జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో ఉంది. దాన్నీ సౌతాంప్టన్ బొమ్మనూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూసి, ఏది నచ్చిందో ఎందుకు నచ్చిందో నాకు రాయండి. నా ఓటు సౌతాంప్టన్‌కే.

మీ తాతయ్య