"తప్పు వాయిస్తే ఎవరికి తెలుస్తుంది?" సమకాలీన సంగీతం ఆడిషన్లపై అపోహలు - వాస్తవాలు

వెస్టర్న్ ఫ్లూట్ మీద మాస్టర్స్‌కి వెళ్లాలనుకునే పిల్లల్ని ఆడిషన్లకు తయారుచేయడం నా పని. అందులోనూ గత వందేళ్లలో పుట్టిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అంటే నాకు ప్రాణం. అమెరికా స్కూళ్లలో చాలావాటికి డిసెంబరు మొదట్లోనే వీడియోలు పంపేయాలి. కాబట్టి ఆగస్టు నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి, ఏటా అవే మాటలు వింటుంటాను.

అపోహ: ఆ సంగీతంలో తాళం, శ్రుతి పెద్దగా ఉండవు. రెండు తప్పులు పోయినా ఎవరూ పట్టుకోలేరు.

పట్టుకుంటారు. ఎదురుగా కూర్చునేవాళ్లు ఆ రచనను ఏళ్ల తరబడి వాయించినవాళ్లు, నేర్పినవాళ్లు. ఎడ్గార్ వరేజ్ 'డెన్సిటీ 21.5' సంగతే చూడండి. ఫ్లూట్ వాద్యకారుడు జార్జ్ బారేర్ కొత్త ప్లాటినం ఫ్లూట్ కోసం దాన్ని వరేజ్ 1936లో రాసి, 1946లో సవరించాడు. ప్లాటినం సాంద్రత దాదాపు 21.5, పేరు అలా వచ్చింది. తోడుగా పియానో కూడా ఉండదు, ఒక్క ఫ్లూటే. లయ ఎక్కడా తప్పకూడదని స్కోరులోనే, అంటే స్వరాలు రాసిన ప్రతిలోనే, రాసి ఉంటుంది.

మధ్యలో కొన్ని స్వరాల మీద కూడిక గుర్తు కనిపిస్తుంది. అక్కడ మెల్లగా ఊదుతూ, సరిగ్గా అదే క్షణంలో కీని వేలితో కొట్టాలి. దాదాపు అందరూ ఇక్కడే దొరికిపోతారు. గట్టిగా ఊదితే కీ చప్పుడు మునిగిపోతుంది. వేలు ముందు పడి ఊపిరి తర్వాత వస్తే ఒక్కటిగా వినిపించాల్సింది రెండుగా వినిపిస్తుంది. నేనైతే ముందు ఊదకుండా వేళ్లు మాత్రమే, తర్వాత వేళ్లు కదపకుండా ఊపిరి మాత్రమే, చివరికి రెండూ కలిపి చేయిస్తాను. కుదిరిన రోజున మట్టికుండలో నీటిచుక్క పడ్డట్టు వినిపిస్తుంది. అది విన్నాక పిల్లలు ఇక తప్పుతో రాజీపడరు.

లుచానో బెరియో 1958లో రాసిన ఫ్లూట్ 'సెక్వెంజా'లో మామూలు తాళపు గుర్తులు లేవు. కాగితం మీద స్వరాల మధ్య దూరమే కాలం, నిమిషానికి 70 దెబ్బల చొప్పున కొలవాలి. దాన్ని చాలామంది ఇష్టమొచ్చినట్టు సాగదీశారు. చివరికి బెరియో మామూలు లయ గుర్తులతో మళ్లీ రాశాడు, ఆ ప్రతి 1992లో అచ్చయింది. స్వేచ్ఛ ఉందనుకున్న చోట కూడా ఆయన లెక్క ఎంత గట్టిదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అపోహ: కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది అచ్చిరాదు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. లయ విషయంలో మనవాళ్ల చేతిలో ఉన్నది నిజంగా పెద్ద ఆస్తి. నాలుగు దెబ్బల కాలంలో ఐదు సమానమైన స్వరాలు వాయించమని స్కోరులో ఉందనుకోండి. ఖండ గతిలో (దెబ్బకు ఐదు అక్షరాలు) ఒక్కో దెబ్బకు ఒక తకతకిట చెప్పండి, మొత్తం ఇరవై అక్షరాలు. మొదటి అక్షరం నుంచి నాలుగేసి అక్షరాలకు ఒక కొత్త స్వరం మొదలుపెట్టండి. మొదటి దెబ్బలో 'త', దాని చివర 'ట', రెండో దెబ్బలో 'కి', మూడో దాంట్లో మధ్య 'త', నాలుగో దాంట్లో 'క'. ఊపు వెనక్కి జరుగుతూ వస్తున్నట్టు ఉంటుంది, ఐదు స్వరాలూ సమంగా పడతాయి. చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పగలిగాకే ఫ్లూట్ ఎత్తమంటాను.

శ్రుతి దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. క్వార్టర్ టోన్ (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగం) అంటే గమకం కాదు. మన చెవి స్వరంలోకి జారుతూ వెళ్లడానికి అలవాటుపడింది. ఇక్కడ స్వరం మొదలైన క్షణం నుంచే ఆ చోట కదలకుండా నిలబడాలి. ట్యూనర్ ముందు పెట్టుకుని, ఒక్కో స్వరాన్నీ జారకుండా మొదలుపెట్టడం రోజూ చేయాల్సిన సాధన.

అపోహ: వింత శబ్దాలు ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత మంచిది.

కాదు. ఒకే ఊపిరితో రెండు మూడు స్వరాలు పలికించే మల్టీఫోనిక్స్, నాలుక ఆడిస్తూ ఊదడం, ఇవన్నీ రావాలి. కానీ చాలా చోట్ల వీటితోపాటు బాఖో మొజార్టో కూడా అడుగుతారు. అక్కడ సాదా స్వరం వణికితే మిగతావేవీ నిలబెట్టలేవు. ఎంత కష్టమైన రచన ఎంచుకున్నారన్నది ఒక్కటే సరిపోదు. సగం వచ్చిన కష్టమైనదానికంటే పూర్తిగా మీ సొంతమైన చిన్న రచన మేలు.

అపోహ: అన్నీ కంఠతా రావాలి. 

అక్కర్లేదు. ఈ రచనలకు సాధారణంగా స్కోరు చూసి వాయించనిస్తారు. అయినా ప్రతి స్కూలు నిబంధనా విడిగా చదవండి.

అపోహ: వీడియోకు ఫోన్ చాలు.

నా మొదటి వీడియో ఫోన్‌తోనే తీశాను. వాయించేటప్పుడు బాగానే వచ్చింది, తర్వాత వింటే గుండె జారిపోయింది. అతి మెల్లని స్వరం, అతి గట్టి స్వరం ఒకే స్థాయిలో వినిపించాయి. ఫోన్ తనంతట తానే శబ్దాన్ని సర్దేస్తుంది, హెచ్చుతగ్గుల మీదే నిలబడ్డ రచనకు అది చావుదెబ్బ. ఆ సర్దుబాటును ఆపేయగల రికార్డర్ అద్దెకైనా తెచ్చుకోండి. మీ రచనలో అన్నిటికంటే గట్టి చోటు ముందు వాయించి, శబ్దం చిట్లకుండా స్థాయి పెట్టుకుని, ఇక దాన్ని ముట్టుకోవద్దు. ఒక్కో రచన మధ్యలో కత్తిరించకుండా మొదటినుంచి చివరిదాకా ఉండాలని చాలా స్కూళ్లు అడుగుతాయి. పేజీలు తిప్పే తీరిక ఉండదు కాబట్టి కాగితాలను గట్టి అట్టకు అతికించి, రెండు స్టాండ్ల మీద పరిచి, ముందురోజే ఒకసారి అలాగే నిలబడి వాయించి చూసుకోండి.