ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్: అపోహలు - వాస్తవాలు

ఫాస్ఫారిక్ ఆమ్లంలోని మూడు హైడ్రోజన్ల స్థానంలో మూడు బ్యూటైల్ సమూహాలు చేరితే ఏర్పడే ద్రవం ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్. సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌లో, అంటే నీటిలో కరిగి ఉన్న పదార్థాన్ని నీటితో కలవని మరో ద్రవంలోకి లాగి వేరుచేసే పనిలో ఉన్న మేము దీన్ని టీబీపీ అంటాము. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో యురేనియాన్ని శుద్ధి చేసే ద్రావణి ఇదే. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు దీని విషయంలో భయపడనక్కరలేని చోట భయపడుతూ, జాగ్రత్తపడవలసిన చోట ధీమాగా ఉండడం నన్ను కలవరపెడుతుంది.

అపోహ: అణు పరిశ్రమలో వాడతారు కాబట్టి ఇది రేడియోధార్మిక పదార్థం.
వాస్తవం: కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, ఫాస్ఫరస్ తప్ప ఇందులో మరేమీ లేదు. కాంక్రీటులోనూ రంగుల్లోనూ నురుగును అణచడానికి, విమానాల హైడ్రాలిక్ ద్రవాల్లో ఒక భాగంగా కూడా దీన్ని వాడతారు.

అపోహ: ఇది మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందుల కోవకు చెందిన విషం.
వాస్తవం: రెండూ ఫాస్ఫేట్ ఎస్టర్లే (ఫాస్ఫారిక్ ఆమ్లం నుండి ఏర్పడే సమ్మేళనాలే) అయినా, పురుగుమందు అణువులో సులభంగా ఊడిపోయే ఒక సమూహం ఉంటుంది. అది ఊడినప్పుడు మిగిలిన ఫాస్ఫరస్ భాగం నాడీ వ్యవస్థకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టుకొని పనిచేయనివ్వదు. టీబీపీలోని బ్యూటాక్సీ సమూహాలు అంత తేలికగా ఊడవు. అయితే ఇది నిరపాయకరమని కాదు. చర్మాన్ని మండిస్తుంది, మింగితే హాని చేస్తుంది. దీర్ఘకాలం ఎక్కువ మోతాదుల్లో తినిపించిన ఎలుకలకు మూత్రాశయంలో కణుతులు వచ్చినందువల్ల దీన్ని క్యాన్సర్ కారకంగా అనుమానించే పదార్థాల్లో చేర్చారు. కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దీన్ని ముట్టుకోకూడదు.

అపోహ: కిరోసిన్ కలపడం ఖర్చు తగ్గించుకోవడానికే, శుద్ధమైన టీబీపీ అయితే ఇంకా బాగా పనిచేస్తుంది.
వాస్తవం: ఫాస్ఫరస్‌కు ద్విబంధంతో కలిసిన ఆక్సిజన్ యురేనైల్ నైట్రేటును, అంటే నైట్రిక్ ఆమ్లంలో కరిగిన యురేనియం లవణాన్ని, పట్టుకుంటుంది. ఒక్కొక్క యురేనైల్ నైట్రేటుకు రెండు టీబీపీ అణువులు చేరి, నైట్రిక్ ఆమ్ల ద్రావణం నుండి దాన్ని నూనె పొరలోకి, అంటే నీటిపై తేలే టీబీపీ పొరలోకి తీసుకువస్తాయి. కాని టీబీపీ సాంద్రత 0.97 కావడంతో నీటికీ దానికీ తేడా స్వల్పం. పైగా అది చిక్కటి ద్రవం, యురేనియంతో నిండితే బాగా బరువెక్కుతుంది. అప్పుడు పొరలు విడిపోవడం కష్టమవుతుంది. అందుకే సాధారణంగా టీబీపీ 30 శాతం చుట్టూ ఉండేలా కిరోసిన్‌తో పలుచబరుస్తారు. ఇదే ద్రావణి జిర్కోనియాన్ని హాఫ్నియం నుండి వేరు చేయడానికి కూడా పనికివస్తుంది. రసాయన గుణాల్లో కవలల్లాంటి ఈ రెండు లోహాల్లో జిర్కోనియం నూనె పొరలోకి వస్తే, న్యూట్రాన్లను మింగే హాఫ్నియం చాలావరకు నీటి పొరలోనే ఉండిపోతుంది. రియాక్టరు ఇంధన గొట్టాలకు ఈ శుద్ధి తప్పనిసరి.

అపోహ: మరిగే స్థానం సుమారు 289 డిగ్రీలు కాబట్టి వేడిచేసినా ప్రమాదం లేదు.
వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఆమ్లం వల్లనూ రేడియేషన్ వల్లనూ టీబీపీ మెల్లగా విరిగి డైబ్యూటైల్ ఫాస్ఫేట్, బ్యూటనాల్ వంటివి ఏర్పడతాయి. మొదటిది లోహాలను గట్టిగా పట్టుకొని వదలదు కనుక ద్రావణిని సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడిగి తిరిగి వాడతారు. అసలు ముప్పు టీబీపీ, గాఢ నైట్రిక్ ఆమ్లం, వేడి ఒకచోట కలిసినప్పుడు వస్తుంది. అప్పుడు రెడ్ ఆయిల్ అని పిలిచే ఎర్రటి మిశ్రమం తయారై, సుమారు 130 డిగ్రీలు దాటితే అదుపు తప్పి వాయువులను వెదజల్లుతుంది. 1953లో అమెరికాలోని హాన్‌ఫోర్డ్, సవన్నా రివర్ అణు కేంద్రాల్లోనూ, 1993 ఏప్రిల్ 6న రష్యాలోని తోమ్‌స్క్-7 అణు కేంద్రంలోనూ ఇటువంటి చర్యలే ప్రమాదాలకు దారితీశాయి. తోమ్‌స్క్‌లో తొట్టె పేలి రేడియోధార్మిక పదార్థం బయటికి వెదజల్లబడింది.

టీబీపీ నీటిలో కరిగేది లీటరుకు అర గ్రాముకన్నా తక్కువే అయినా, కంటికి కనబడని బిందువులుగా కూడా అది నీటి పొరతోపాటు ఎవాపరేటరులోకి (ద్రావణాన్ని వేడిచేసి నీటిని ఆవిరిగా పంపే పరికరంలోకి) చేరవచ్చు. కనుక ఆ ద్రావణాన్ని వేడిచేసే ముందే నూనెను వేరుచేసి తొలగించాలి, ఉష్ణోగ్రతను ఆ 130 డిగ్రీల పరిమితికి దిగువనే ఉంచాలి, వాయువులు బయటికి పోయే మార్గం తగినంత వెడల్పుగా ఉండాలి.